గంగమణి దాచిన పది నెలలు

మా యారాలు, అంటే తోడికోడలు గంగమణికి ముట్టు ఆగి ఆరేళ్లయింది. ఆగిన ఏడాదే ఎల్లారెడ్డిలో మా గల్లీ ఆడవాళ్లంతా కూడి, పోచమ్మకు గల్లీ బోనం వండే పని ఆమెకు అప్పజెప్పారు. మా బోటివాళ్లను నమ్మలేరు కదా, కుండ పొయ్యి మీద ఉండగానే ముట్టు ముంచుకొస్తుంది. ఆమెకు ఆ బెడద లేదు. నోట్లో నాలుక లేని మనిషి, బతుకంతా బీడీలు చుట్టిన మనిషి, ఆ ఒక్కరోజు గల్లీకే పెద్ద. నాకు కుళ్లుగా ఉండేది. ఎందుకు అబద్ధమాడాలి?

పోయిన శ్రావణానికి నెల ముందు ఆమెకు మళ్లీ రక్తం కనిపించింది. ఎవరికీ చెప్పలేదు. మా రెండిళ్లకూ ఒకటే వాకిలి, ఒకటే నల్లా. నేను అక్కడ గిన్నెలు తోముతుండగానే మరకల బట్టలు తెచ్చి ఉతికేది. దాచుకోవడం కూడా రాదు ఈమెకు అనుకున్నాను. చూసి కూడా చూడనట్టే ఊరుకున్నాను. బయటపెడితే బోనం మైలపడిందని గల్లీ అంతా ఆమె మీద పడుతుంది. పరువు కాపాడుతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. నా మొహం, కాపాడాను! శ్రావణంలో ఆమె బోనమెత్తింది. నేను వేపకొమ్మ పట్టుకుని వెనకే నడిచాను.

ఈ ఎండాకాలం బీడీల చేట మీదే ఒరిగిపోయింది. కామారెడ్డి తీసుకుపోయాం. డాక్టరమ్మ గర్భసంచి లోపలి పొర గీకి ముక్క తీసింది. పొర మందమైందట, కణాలు మారాయట. క్యాన్సర్‌కు ముందు దశలోనే ఉందో, దాటిపోయిందో తేలాలంటే ముక్కను హైదరాబాద్ పంపి మళ్లీ చూపించాలంది. గడ్డ పెరగాలంటే రక్తం కావాలి, అందుకని కొత్త రక్తనాళాలను పుట్టించుకుంటుందట. ముక్కకు రంగు పట్టించి వాటినీ లెక్కగడతారట.

పదకొండు రోజులు ఆగాం. గంగమణి ఎప్పటిలాగే ఆకు కత్తిరించింది, తంబాకు నింపింది, దారం చుట్టింది. ఏడ్వలేదు. ఆమె మొగుడు, మా బావ దేవన్న అన్నం వద్దంటే కసిరి తినిపించింది. నాకూ ఏమీ అనిపించలేదు. తిమ్మిరెక్కిన కాలు గిల్లినా తెలియదు చూడండి, అలా ఉంది.

రిపోర్టు వచ్చిన రోజు కామారెడ్డికి మేమిద్దరమే వెళ్లాం. డాక్టరమ్మ కంప్యూటర్‌లో బొమ్మ చూపించింది. ఇసకేస్తే రాలనన్ని గోధుమరంగు చుక్కలు. అవన్నీ కొత్త నాళాలేనంది. ముందు దశ దాటిందని, క్యాన్సరేనని, వారంలో గర్భసంచి తీసెయ్యాలని, ఆ తర్వాత రేడియేషన్ కరెంటు పెట్టాలో వద్దో చూద్దామని చెప్పింది.

"ముందుగాల్నే వస్తే?" అని గంగమణి అడిగింది.

మొదట కనిపించినప్పుడే వచ్చుంటే బహుశా అక్కడే ఆపేవాళ్లమంది. ముట్టు ఆగినాక ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాలని మీకెవరూ చెప్పలేదా అని కోప్పడింది. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను.

తిరుగు బస్సు లింగంపేట దాటాక గంగమణి నా వైపు తిరిగింది.

"వనజా, నీకు ఎర్కనే గద?" అంది.

తలూపాను.

"నీకు కనవడాల్ననే నల్లా కాడ ఉతికిన. నా నోటితోని చెప్పనీకి బుగులైంది, బోనం ఇంకొకలకు ఇస్తరని. నువ్వన్న ఎవలకన్న చెప్తవని పది నెలలు చూసిన."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.