రాజాం పెళ్లిచూపుల్లో మా స్టేజీ సైగలు

మా ఆర్కెస్ట్రాలో ఐదుగురం. క్లారినెట్ వాయించే మావ, ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ వాయించే బావ, పాటలు పాడే అక్క, వ్యాను నడిపే అన్న, కీబోర్డూ మిక్సరూ చూసుకునే నేను. వీళ్లలో ఎవరూ నాకు నిజంగా చుట్టాలు కారు. ఒకే వ్యానులో ఊళ్లు తిరుగుతుంటే వరసలు వాటంతటవే కలిసిపోయాయి. నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను కాబట్టి నన్ను మాత్రం అందరూ ‘ఇంజినీరు’ అంటారు.

వ్యానులో సామాను ఏ వరసలో ఎక్కాలో చెప్పేది నేనే. అడుగున స్పీకర్లు, వాటి మీద స్టాండ్ల సంచి, సందుల్లో కేబుళ్లు, ఆ పైన ప్యాడ్స్. కీబోర్డు అన్నిటికన్నా ఆఖర్న, నా ఒళ్లోనే. ఎక్కడ పెట్టినా దాని మీద ఎవరో ఒకరు కూర్చుంటారు. అక్క ఫ్లాస్కుకి నా పథకంలో చోటు లేదు. అయినా అది ప్రతి ప్రయాణంలోనూ ఎక్కేది, ప్రతి మలుపులోనూ దొర్లేది.

స్టేజీ మీద స్పీకర్లు మోగుతుంటే పక్కవాడి మాట కూడా వినబడదు. పైగా మావ నోట్లో క్లారినెట్. అందుకే ఆయన మమ్మల్ని సైగలతో నడిపించేవాడు. పాట మధ్య ఒక చెయ్యి ఖాళీ చేసుకుని చెవి పట్టుకుంటే ఒక చరణం ఎగ్గొట్టాలి. వేలు గాల్లో గుండ్రంగా తిప్పితే పల్లవి మళ్లీ ఎత్తుకోవాలి. పిడికిలి పైకెత్తితే ఉన్నవాళ్లు ఉన్నట్టు ఆపేయాలి. ఇది ఎంత ఒంటబట్టిందంటే, టిఫిన్ హోటల్లో మావ ఒళ్లు విరుచుకుంటూ పిడికిలి పైకెత్తినా మేం ఇడ్లీ నమలడం ఆపేసేవాళ్లం.

ఆ ఏడు అమ్మవారి పండగల సీజన్లో బావకి రాజాం నుంచి సంబంధం వచ్చింది. అంతకుముందు వచ్చినవన్నీ ‘బ్యాండువాడు, ఇంటిపట్టున ఉండడు’ అన్న ఒక్క మాటతో తప్పిపోయాయి. ఇదీ కుదరకపోతే ప్యాడ్స్ మూలన పెట్టి ఎరువుల కొట్లో కూర్చోమని వాళ్ల నాన్న తేల్చి చెప్పాడు. బావకి ఎరువుల వాసన పడదు. అంతకన్నా ముఖ్యంగా, ఆ అమ్మాయి ఫొటో బాగా నచ్చింది. పెట్రోలు బంకు వచ్చినప్పుడల్లా ఫోను తీసి చూసుకునేవాడు.

“ఎన్నిసార్లు సూస్తావు బావా? ఫొటో అరిగిపోతాది,” అనేది అక్క.

పెద్దలు ముందే మాట్లాడుకున్నారు. ఇక అమ్మాయివాళ్లు అబ్బాయిని చూడాలి. మాకు ఖాళీ లేదు. కళింగపట్నంలో ప్రోగ్రాం ముగించుకుని గజపతినగరం వెళుతూ దారిలో రాజాంలో దిగడమని తేలింది. వ్యాను ఒక్కటే కాబట్టి ఐదుగురమూ దిగాం.

అమ్మాయి నాన్నకి సిమెంటు కొట్టు. అమ్మాయి ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. మమ్మల్ని సోఫాలో వరసగా కూర్చోబెట్టి ఉప్మా ప్లేట్లు ఇచ్చారు. అమ్మాయి ఎదురు కుర్చీలో కూర్చుంది.

“నెలకి ఎన్నాళ్లు ఇంటికాడ ఉంటావు బాబూ?” అని ఆయన మొదలుపెట్టాడు.

“వానాకాలం అంతా ఇంటికాడేనండి,” అన్నాడు బావ. అక్కడితో ఆగితే బాగుండేది. “సీజన్లోనే తిరుగుడు. నిన్న కళింగపట్నంలో సముద్రపు గాలికి స్టేజీ మీది కప్పు రేకు లేసిపోయి నా నెత్తిన పడబోనాదండి. అప్పుడేటయ్యిందంటే...”

మావకి కంగారు పుట్టింది. చెవి పట్టుకున్నాడు.

బావ చరణం ఎగ్గొట్టేశాడు. “...నాకు సాలా సంతోషం అనిపించిందండి,” అన్నాడు.

అమ్మాయి నాన్న బావని ఎగాదిగా చూశాడు. “నెత్తిన రేకు పడబోతే సంతోషమేటి బాబూ?”

బావ నోరు తెరవబోయాడు. మావ ఇంక ఓర్చుకోలేక పిడికిలి పైకెత్తేశాడు.

బావ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. అక్క చెంచా గాల్లో నిలిచింది. అన్న గుటక సగంలో ఆపాడు. నేను నీళ్ల గ్లాసు మూతి దాకా తెచ్చి అలాగే పట్టుకున్నాను.

“ఏటయ్యింది? ఉప్మాలో ఏటైనా పడిందా?” అంటూ అమ్మాయి తల్లి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

అమ్మాయి మాత్రం మావ పిడికిలినీ మా నలుగురి వాలకాన్నీ చూసి పకపకా నవ్వింది. “మా ఐదో క్లాసు కూడా ఇంత బాగా ఆగదు. ఏటండి ఈ సైగ?”

ఇంక దాచి లాభం లేదని అక్క సైగలన్నీ చేసి చూపించింది. ఏది చరణం ఎగ్గొట్టడానికో, ఏది పల్లవి మళ్లీ ఎత్తుకోవడానికో, ఏది ఆపడానికో. అమ్మాయి శ్రద్ధగా చూసి బావ వైపు తిరిగింది.

“అయితే ఇప్పుడు ఆ ఎగ్గొట్టిన చరణం సెప్పండి.”

బావ మావ చేతులకేసి చూశాడు. మావ వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

“రేకు లేసిపోతే, ముందు వరసలో ఉన్నోళ్లు స్టేజీ ఎక్కేసినారండి. సేపల వేటకెళ్లే మనుసులు, తాళ్ల పని వాళ్లకి బాగా తెలుసు. రేకుకి తాళ్లు కట్టేసి, గాలి తగ్గేదాకా తలో మూలా అట్టుకుని నిలబడ్డారు. పాట ఆపొద్దన్నారు. అందుకండి సంతోషం.”

అమ్మాయి కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది. అది చూసి అన్న మిగిలిన సగం గుటకా వేశాడు.

“అదంతా బాగానే ఉన్నాది,” అన్నాడు అమ్మాయి నాన్న. “గానీ ఇంటిపట్టున ఉండని మనిసికి పిల్లనిస్తే రేపు...”

అమ్మాయి పిడికిలి పైకెత్తింది.

మేం ఐదుగురం ఆగిపోయాం. మా బ్యాండులో లేని ఆయన కూడా ఆగిపోయాడు. కూతురి మొహం చూశాడు. బావ మొహం చూశాడు. కాసేపు మీసం సవరించుకున్నాడు.

“మీ సీజన్లోనే కదా ముహూర్తాలన్నీ,” అన్నాడు చివరికి. “మీకు ఖాళీ ఉండే రోజేదైనా ఉన్నాదేటి, లేదా?”

“ఒరే ఇంజినీరూ, సూడరా!” అన్నాడు మావ, తొడల కింద నుంచి చేతులు తీసి.

ప్రోగ్రాం తేదీలన్నీ నా ఫోనులో వరసగా ఉంటాయి. గజపతినగరం తర్వాత రెండు ఊళ్లు దాటాక ఒక ఖాళీ కనిపించింది. నేను గొంతు సవరించుకుని తేదీ చెప్పేలోపే బావ చెప్పేశాడు. ఆ రోజు ఖాళీ అని అతనికి ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు.

మేం వ్యాను ఎక్కుతుంటే అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. వాళ్ల నాన్న అటు తిరిగి చెప్పులు వేసుకుంటున్నాడు. ఆమె వేలు పైకెత్తి గాల్లో ఒకసారి గుండ్రంగా తిప్పింది. దారిలో పెట్రోలు బంకు వచ్చినా, బావ ఫోను తీయకుండానే గజపతినగరం వచ్చేసింది.