సగం తెరిచిన గేటువాల్వు

మొన్న మా మనవరాలు పాలిటెక్నిక్ పుస్తకం పట్టుకుని "కామన్ ఎమిటర్ యాంప్లిఫయర్, బయసింగ్" అని వల్లిస్తుంటే నాకు ఒళ్లు మండింది. అర్థమేంటే అని అడిగితే మళ్లీ అదే వల్లించింది. ఆ పాఠం చెప్పేది మా ఆయన తమ్ముడేనట. ఇంకేం అర్థమవుతుంది! నాకు సంతకం దాకానే చదువు. నేను చెబుతాను, రాయవే అన్నాను.

అప్పట్లో ముసునూరు దగ్గర మామిడితోట కౌలుకు చేస్తున్నాం. కాయ నిమ్మకాయంత అయ్యేసరికి కోతులు దిగాయి. తినేది ఒకటి, కొరికి పారేసేది పది. ఆ కాపు పోతే ఆ ఏడు మా పొయ్యి వెలగదు. రేడియోలు బాగుచేసే మా ఆయన, కోతులు జడిసే కొండముచ్చు అరుపును ఫోన్లో ఎక్కించాడు. ఒక ట్రాన్సిస్టరుతో అరుపును పెంచే పెట్టె కట్టి హారన్‌కు తగిలించాడు. అరుపు గొంతులో ముల్లు దిగినట్టు తెగితెగి గరగరమంది. కోతులు కొమ్మ మీదే కూర్చుని, మా మొహాలు చూస్తూ తీరిగ్గా నమిలాయి.

డిప్లొమా చదివిన మరిది, ఇస్త్రీ చొక్కా నలగకుండా మంచం అంచున కూర్చుని, "ఇంకా పెద్ద ట్రాన్సిస్టరు వెయ్యన్నయ్యా, శబ్దాన్ని పుట్టించేది అదే" అన్నాడు. ఈయన మూడు మార్చాడు. మూడూ అదే గరగర. చదువుకున్న తమ్ముడి మాట మరి!

చెట్లకు నీళ్లు పెడుతున్నదాన్ని, ఉండబట్టలేక అడిగాను. "ఆ మూడు కాళ్ల పురుగు ఏం చేస్తుందయ్యా?"

"బేస్ కాలికి కాస్త కరెంటు తగిలితే, తక్కిన రెండు కాళ్ల గుండా బ్యాటరీ కరెంటు బోలెడు పారుతుందే."

"అయితే ఇదిగో, ఈ గేటువాల్వేగా! తిప్పేది నా చెయ్యి, నీళ్లు బోరువి. అరుపంటే ఎగుడుదిగుడేగా, వాల్వును తెరుస్తూ మూస్తూ ఉండాలి. మూసేసిన వాల్వును ఇంకా ఏం మూస్తావు? సగం అరుపు అక్కడే చస్తోంది. ముందే సగం తెరిచి ఉంచు, అటూ తిరుగుద్ది, ఇటూ తిరుగుద్ది."

"ఇది నీళ్ల పని కాదు వదినా" అని మరిది పళ్లికిలించాడు. మా ఆయన మాత్రం వాల్వు మీదున్న నా చేతికేసి చూసి, బేస్ దగ్గర రెండు రెసిస్టర్లు అతికించి, అరుపు రాకముందే కాస్త కరెంటు పారేట్టు చేశాడు. కొండముచ్చు నిండు గొంతుతో అరిచింది. కోతులు పిల్లల్ని పొట్టకు అదుముకుని కంచె దాటాయి.

సాయంత్రం టీకొట్టు దగ్గర మరిది, నా ముందే, "బయసింగ్ పెట్టమని నేనే చెప్పా" అని అందరికీ చాటుకున్నాడు. నా సగం తెరిచిన వాల్వుకే ఆ పేరు. మా ఆయన పక్కనే నిలబడి టీ తాగాడు, కాదనలేదు. కాపు దక్కింది, నాకు పేరు దక్కలేదు. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆ టీ గుటక నా చెవిలో ఆగలేదు.

"రాసింది చిన్నతాతయ్యకు చూపించనా, నానమ్మా?" అంది పిల్ల. చూపించమన్నాను. ఇన్నేళ్లలో వాడు నేర్చుకున్నది ఆ ముక్కకున్న ఇంగ్లీషు పేరొక్కటే. నాకు మాత్రం దాన్ని రాసిపెట్టే మనవరాలి చెయ్యి ఎదిగేసరికి జుట్టంతా తెల్లబడింది.