గుండె దిటవు

నా చిన్నప్పుడు, పాకాల బడిలో ఏడో తరగతి చదివే రోజుల్లో, ఇంగ్లీషు పాఠం పైకి చదవాలంటే సారు నన్నే లేపేవారు. కొత్త స్టేషన్ మాస్టరు కూతురు వచ్చి చేరేదాకా. ఆ అమ్మాయి ఉత్తరాదిలో పెరిగింది. ఇంగ్లీషు గలగలా వచ్చు, తెలుగే అంతంతమాత్రం.

ఒకరోజు పాఠంలో 'స్టౌట్‌హార్టెడ్‌నెస్' అనే మాట తగిలింది. నేను సగందాకా పోయి, నాలుక మడతపడి ఆగిపోయాను. ఆ అమ్మాయి లేచి ఒక్క గుక్కలో అనేసింది. సారు శభాష్ అన్నారు. నాకు కుళ్ళు పుట్టింది.

మర్నాటికి కొత్త మాటలకు తెలుగు అర్థాలు నేర్చుకుని రావాలి. ఆ అమ్మాయి నమ్మకంగా నా దగ్గరికే వచ్చి అడిగింది. స్టౌట్ అంటే లావు కదా, "ఒళ్ళు కొవ్వెక్కడం" అని చెప్పాను. శ్రద్ధగా రాసుకుంది. మర్నాడు అదే చెప్పేసరికి తరగతంతా గొల్లుమంది.

"ఎవరు చెప్పినారు నీకు?" అని సారు గద్దించారు.

"నేనే అనుకున్నాను సార్" అంది. పీరియడంతా నిలబడింది.

ఆ సాయంత్రం పక్కింటి అక్క దగ్గరికి పోయాను. చిత్తూరులో టీచరు ట్రైనింగు చదివేది. ఆ మాట పలకడం నేర్పమన్నాను. అక్క దాన్ని నాలుగు ముక్కలు చేసి, ముక్కకొక చప్పట చరుస్తూ పలికించింది. స్టౌట్. హార్ట్. ఇడ్. నెస్. "అన్నీ కలిపితే గుండె దిటవు, పాపా" అంది. నాకు ఏడుపొచ్చింది. జరిగిందంతా చెప్పేశాను.

అక్క తిట్టలేదు. "పలకడం నేను నేర్పిస్తి. అర్థం నువ్వు పొయ్యి ఆ పాపకు చెప్పల్ల. పద, నేనూ వస్తా" అని చెప్పులేసుకుంది.

రైల్వే క్వార్టర్సు గేటు దగ్గరే ఆగిపోయి, నన్నొక్కదాన్నే లోపలికి పంపింది.

"అది గుండె దిటవు. నేను అబద్ధం చెప్పినా" అన్నాను, తల ఎత్తకుండా.

"తెలుసు" అంది ఆ అమ్మాయి. "అందరూ నవ్వారు. నువ్వొక్కదానివే నవ్వలేదు."

అప్పటిదాకా ఆమె నోటిని చూసి కుళ్ళుకున్నదాన్ని, ఆ సాయంత్రం నుంచి ఆమె గుండెను చూసి కుళ్ళుకున్నాను. ఆ కుళ్ళు ఇన్నేళ్ళయినా పోలేదు. తప్పు ఒప్పుకోవలసిన గడప ముందు కాళ్ళాడక నిలబడినప్పుడల్లా, ఆ పిల్లయితే ఈపాటికి లోపలికి పోయి ఉండేది కదా అనిపిస్తుంది. ఆ ఉడుకుమోత్తనంతోనే అడుగు లోపల పెడతాను.