జాడించని మూతిగుడ్డ

మా తమ్ముడికి నెల నిండకముందే అమ్మకు ఫ్లూ జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. యుద్ధం రోజులవి. నాన్న పంజగుట్టలో ఒక నవాబుగారి తోటలో మాలీ. మేము అమీర్‌పేటలో రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్లం. నాకు పదకొండేళ్లు. నా తరువాత పుట్టిన చెల్లెలు నాలుగో నెలలో ఇలాంటి దగ్గుతోనే పోయింది. అందుకని అమ్మ తన జ్వరాన్ని లెక్కచేయలేదు. పసివాడికి పాలివ్వాలా, దూరంగా ఉంచాలా అన్నదే ఆమె గుబులు.

కబురు పెడితే పెద్దమ్మ టాంగా కట్టించుకుని వచ్చింది. అమ్మకు అక్క, పట్నంలో ఆసుపత్రి నర్సు. వస్తూనే నాన్న పాత మల్లు పంచె ఒకటి చించి, మడతలు వేసి, నాడాలు కుట్టి, అమ్మ ముక్కూ నోరూ మూసి కట్టింది.

"పాలు మాన్పకు చెల్లె. గీ గుడ్డ కట్టుకోని ఇయ్యి. తడిసిందంటే ఇంకోటి కట్టు," అని నావైపు తిరిగింది. "బిడ్డా, ఇడిసిన గుడ్డకు సబ్బు మంచిగ పట్టియ్యి. సబ్బు తగిలితే ఆ రోగపు పురుగు బతకదు."

వైరస్ అన్న మాట మా ఇంట్లో ఎవరూ వినలేదు. పురుగు అనగానే నేను గొంగళిపురుగునే ఊహించుకున్నాను.

డ్యూటీ ఉందని పెద్దమ్మ ఆ పూటే వెళ్లిపోయింది. మూతిగుడ్డల పని నాకు పడింది. అసలే నాకు తెలివి ఎక్కువ. మా వాడలో ఎవరికి ఒంటిమీద పొక్కులు లేచినా పసుపూ వేపాకూ నూరి పూసి, ఎండి రాలేదాకా కడగనిచ్చేవారు కాదు. మందు కడిగేస్తే ఇంకేం పనిచేస్తుంది? సబ్బూ అంతే అనుకున్నాను. నురగ వచ్చేదాకా రుద్ది, పిండి, జాడించకుండా దండెం మీద ఆరేసేదాన్ని. వాడ చివరి బావి నుంచి నీళ్లు మోసే బాధ తప్పిందన్న సంగతీ దాచను. ఆరాక గుడ్డలు అప్పడాల్లా పెళపెళలాడేవి. చూసుకుని తెగ మురిసిపోయేదాన్ని.

అమ్మ ఏమీ అనలేదు. పాలిచ్చేటప్పుడు ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతుంటే జ్వరం వల్లే అనుకున్నాం.

ఐదో రోజు పెద్దమ్మ మళ్లీ వచ్చింది. అమ్మ మూతిగుడ్డ విప్పి, "ఓ ప్రభువా!" అంది. పెదవులు పగిలి, వాటి చుట్టూ చర్మం ఎర్రగా లేచిపోయి ఉంది. పెద్దమ్మ దండెం మీది గుడ్డ ఒకటి తెచ్చి నీళ్ల గిన్నెలో వేసి పిసికితే గిన్నె నిండా నురగ.

"జాడియ్యలేదా పోరీ?"

"నువ్వు చెప్పలేదు గద!"

"తిన్నంక చెయ్యి కడుక్కోమని సుత చెప్పాల్నా నీకు?" అని నా నెత్తిన మొట్టింది. ఆ తరువాత అమ్మ మీద పడింది. "నోరు గింత మండుతుంటే చెప్పొద్దా నువ్వు?"

అమ్మ పసివాడి వైపు చూసింది. "మండుతుంటే మందు పనిచేస్తున్నదనుకున్న అక్కా. చెప్తే ఏడ కడిగిపారేస్తరో అని చెప్పలే. నా మూతి పోతే పోనీ, గీ పోరడన్నా దక్కాలె."

నేను బావురుమన్నాను. మొట్టికాయకు కాదు. ఆ మంటంతా నా చేత్తో నేనే అమ్మ మొహానికి కట్టానని.

ఆ మధ్యాహ్నం బావికీ ఇంటికీ ఎన్నిసార్లు తిరిగానో. సబ్బు పెట్టి నానేసిన గుడ్డలను నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాను. మెత్తటి గుడ్డ కట్టుకోగానే అమ్మకు కొత్త భయం పట్టుకుంది.

"మంట లేదు. పనిచేస్తదా అక్కా?"

"పురుగు ఉతికినప్పుడే సచ్చింది చెల్లె. నీ దగ్గు వాని మీద పడకుంట గుడ్డ ఆపుతది. ఫికర్ చెయ్యకు," అంది పెద్దమ్మ.

అయినా అమ్మ పూటపూటకూ తమ్ముడి ఛాతీకి చెవి ఆనించి వినేది. దగ్గు రాలేదు.

జ్వరం పూర్తిగా తగ్గిన వారానికి పెద్దమ్మ ఇక గుడ్డ తీసేయమంది. అమ్మ తీసింది కాని వాడి మొహం దగ్గరికి పోలేదు. ముందు ఒక పాదం ముద్దు పెట్టుకుంది. ఆగి వాడివైపు చూసింది. తరువాత రెండో పాదం. ఆ తరువాత చేతులు. బుగ్గ దాకా రావడానికి ఆమెకు ఆ పూటంతా పట్టింది.