కరెంటు తీసిన రాత్రి

మా ఊళ్లో ఏ ఆపద వచ్చినా ముందు సబ్‌స్టేషన్‌కే ఫోను పోతుంది. తీగ తెగినా, గడ్డివామి అంటుకున్నా, ఎత్తు వినాయకుణ్ణి తీగల కింద దాటించాలన్నా అదే మాట, "కరెంటు తియ్యప్పా" అని. జమ్మలమడుగు పక్కన ఆ సబ్‌స్టేషన్‌లో పనిచేసేది మా ఆయనే. మెతక మనిషి. ఎవరడిగినా కాదనలేడని నేను రోజూ సణుగుతూనే ఉండేదాన్ని.

ఆ రోజు పొద్దుగూకి, అన్నానికి కూర్చునే వేళ, ఒక చిన్న విమానం దగ్గుతూ మా మిద్దెల మీదుగా పోయింది. పైలట్ పని నేర్పడానికి వాడే రకం. జనమంతా వీధిలోకి వచ్చి పడ్డారు. "తీగలకు తగిలిందంటే ఊరు కాలిపోతాది మామా, తీసెయ్" అని ఒకరి తర్వాత ఒకరు సబ్‌స్టేషన్‌కు ఫోన్లు చేశారు. డ్యూటీలో ఉన్న మా ఆయన తీసేశాడు. ఊరూ రోడ్డూ చీకటైపోయాయి. కాసేపటికి శనగ చేలల్లో పెద్ద చప్పుడైంది.

నేర్చుకుంటున్న పిల్లవాడు పోయాడు. పక్కన కూర్చున్న మాస్టరు బతికాడు. ఆయన్ను చూడ్డానికి మేమిద్దరం ప్రొద్దుటూరు ఆస్పత్రికి వెళ్లాం. మా ఆయన పనేమిటో తెలియక, ఆ మాస్టరు జరిగింది జరిగినట్టు చెప్పుకొచ్చాడు. ఇంజను ఆగిపోతుంటే వీధి దీపాల వరస చూసుకుని రోడ్డు మీదే దించబోయారట. ఉన్నట్టుండి దీపాలన్నీ ఆరిపోయాయట. ఆ తర్వాత నేల ఎక్కడుందో తెలియలేదట.

మా ఊరివాళ్లేమో ఊరు కాపాడినాడని మా ఆయనకు శాలువా కప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఇంటికొచ్చి, "ఆ మాస్టరు చెప్పింది యాడా అనొద్దు, ఉన్న ఉద్యోగం పోతాది" అని గట్టిగా చెప్పాను. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

కొన్నాళ్లకు పిల్లవాడి తల్లి పులివెందుల నుంచి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. రాగానే మా ఆయన చేతులు రెండూ పట్టుకుంది.

"నువ్వు కరెంటు తీసినావంట నాయనా. నా కొడుకు కాలిపోకుండా చేతికొచ్చినాడు. కడసారి మొగం చూసుకుంటి."

నేను వెనక నుంచి ఆయన చొక్కా పట్టి లాగాను. ఆయన ఆగలేదు.

"అమ్మా, వాళ్లు ఆ లైట్లు చూసుకునే దిగుతాండిరి. నేను తీసినందుకే పడింది."

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె చేతులు వదల్లేదు. మెల్లగా అడిగింది.

"ఆ చీకట్లో ఎంతసేపు ఉన్నాడు నాయనా, నా బిడ్డ?"