చిలక్కి నేను వేసిన గింజలు

కోతలయ్యాక హాలియా రోడ్డు మీద ఒక పక్కంతా వడ్లు ఆరబోస్తారు. బస్సు దిగగానే ఎండకు కాగిన ఆ వడ్ల వాసన తగులుతుంది, వెంటే దుమ్ముకు తుమ్మొస్తుంది. అందరికీ అది పంట వాసన, నాకు మాత్రం చిలక వాసన.

తెలంగాణ వచ్చిన మరుసటేడు, నేను నాలుగో తరగతిలో ఉండగా ఆ చిలక మా ఇంటికొచ్చింది. బస్టాండు దగ్గర జోస్యం చెప్పే ఒకాయన నుంచి అటవీశాఖ వాళ్లు దాన్ని తీసుకుని, కత్తిరించిన ఈకలు మొలిచేదాకా చూసుకొమ్మని పశువుల దవాఖాన కాంపౌండరు ఎల్లయ్య మామకు అప్పగించారు. రెండు నెలలకే ఆయనకు బదిలీ అయింది. అటవీశాఖ వాళ్లనడిగి, దాన్ని పంజరంతో సహా మా అవ్వకు తెచ్చిచ్చాడు.

"ఈకలొచ్చేదాంక సాదు అవ్వా. వచ్చినంక ఇడిసిపెట్టాలె, మాటియ్యి."

"దాన్ని ఉంచుకోని నేనేం జేస్త కొడుకా? ఇడిసిపెడ్త" అంది అవ్వ.

నన్నెవరూ మాట అడగలేదు. అడిగినా ఇచ్చేదాన్ని కాదు.

అవ్వ ఆ రోజే పంజరం కొయ్య తలుపు ఊడబీకి పొయ్యిలో పెట్టింది. రాత్రిళ్లు పిల్లి భయానికి లోపలి అర్రలో ఉంచేది గానీ, తెల్లారితే చిలకకు ఇల్లంతా రాజ్యమే. వానలప్పుడు నిప్పుల మీద కాల్చిన మక్క కంకిలో నాలుగు గింజలు, సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలో చిటికెడు, జామకాయల కాలంలో సగం కాయ దానికి పోవాల్సిందే. రెక్కలకు పని చెప్పాలని అవ్వ ఆ జామముక్కను రోజూ కొంచెం దూరం జరిపేది, ఇవాళ అరుగు మీద, రేపు గచ్చు మీద, ఆపైన ప్రహరీ గోడ మీద. చిలక పోయి తినేది, తిని తీరిగ్గా నడుచుకుంటూ పంజరంలోకే వచ్చి మెడ బయటపెట్టేది. అవ్వకు ఎందుకో అర్థమయ్యేది కాదు.

నాకు తెలుసు. కార్డు తీసి లోపలికి పోతే ఒక వడ్లగింజ దొరకడం దానికి జోస్యం రోజుల నుంచీ అలవాటు. మధ్యాహ్నం అవ్వ కునుకు తీయగానే నేను నోటుబుక్కు చింపి చేసిన పది చీటీలు వరసగా పరిచేదాన్ని. పోతుందా ఉంటుందా అని అడిగేదాన్ని. పదింటి మీదా ఒకటే మాట రాసుకున్నాను, "ఉంటది" అని. అది ఒకటి లాగి లోపలికి పోయేది, నేను గింజ వేసేదాన్ని. నా మీద ప్రేమతోనే ఉంటోందని గట్టిగా నమ్మాను.

ఈకలు నిండుగా వచ్చాయి. వరికోతలప్పుడు ఒక పొద్దున చిలకల గుంపు కీచుమంటూ మా ఇంటి మీదుగా పోయింది. మాది గోడ మీద రెక్కలు విప్పింది. నేను పిడికిట్లో వడ్లగింజను బిగించి పట్టుకున్నాను. అంతలోనే రెక్కలు ముడిచి, దిగి, పంజరంలోకి నడిచి మెడ బయటపెట్టింది, అవ్వ వైపు కాదు, నా వైపు. అవ్వ నా పిడికిలి చూసింది.

"తలుపు నేను ఊడబీకితి గద బిడ్డా. గా తలుపు నీ పిడికిట్ల ఉన్నదా?"

కొట్టలేదు, తిట్టలేదు. చీటీలు కూడా చూపించాను. చదువు రాని అవ్వ వాటిని తీసుకుంది, ఏం రాసి ఉందని అడగలేదు. సిగ్గుతో ఆ పూట అన్నం ముట్టలేదు నేను.

మర్నాటి నుంచి చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు రోజులు అది లోపలికి పోయి, మెడ చాచి, నన్నే చూసింది. ఆ ఒక్క గింజ వేయకుండా ఉండటమంత కష్టమైన పని చిన్నతనంలో నేను ఇంకేదీ చేయలేదు. ఐదోరోజు బడి నుంచి వచ్చేసరికి గోడ మీద జామముక్క సగం ఉంది, చిలక లేదు. చీకటి పడేదాకా ఏడ్చాను.

ఇప్పుడు బస్టాండు దగ్గర జోస్యం జాగాలో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. కోతలు మిషన్లవి, ఆ చప్పుడుకు చిలకల గుంపులు ఆగడం లేదు. తలుపు లేని ఆ పంజరంలో నేను ఉల్లిగడ్డలు పోసుకుంటున్నాను. అవ్వ పోయి రెండేళ్లయింది. దినాలయ్యాక ఆమె సందుగు పెట్టె సర్దుతుంటే వక్కల సంచిలో నా చీటీలు కనిపించాయి. ఒక్కొక్కటే విప్పి చూశాను. పదింటి మీదా "ఉంటది" అనే ఉంది.