బల్లి మళ్లీ కొండెక్కింది

ఆమెకు బల్లి అని పేరు పెట్టింది తమ్ముడే. నిటారు బండను కరుచుకుని గబగబా పాకిపోయేది మరి. ఇరవై తొమ్మిదో ఏట కూతురు కడుపులో పడ్డాక బండలెక్కడం మానేసింది. ఒక్క ఏడాదికే అనుకుంది. ఆ ఏడాది ఇరవై ఏడేళ్లు సాగింది.

ఆమె పనిచేసేది పళ్ల సెట్లు తయారుచేసే చోట. కిటికీ పక్కన బల్ల, చిన్న మంట, మైనం, సన్నటి కత్తులు. మైనంలో ఒక్కో పన్నూ చెక్కేది. మొన్న చలికాలంలో కత్తి చేతిలోంచి జారింది. మర్నాడు మళ్లీ జారింది. వేళ్ల కీళ్లు అరిగిపోతున్నాయని, రెండేళ్లు పోతే పిడికిలి బిగించడం కూడా కష్టమని డాక్టరు చెప్పాడు.

పని పోతుందేమోనని దిగులు పడాల్సింది. ఆమెకు మాత్రం ఆ బండ గుర్తొచ్చింది. ఊరికి రెండు గంటల దూరంలో, కొండల మధ్య, నిలువునా చీలిక ఉన్న బండ. ఆ చీలికలో వేళ్లు దోపుకుంటూ కొసదాకా వెళ్లేది. ఇప్పుడు ఎక్కకపోతే ఇక ఎప్పటికీ లేదు. ఆ మాట ఆమెను అన్నం తిననివ్వలేదు.

తమ్ముడు బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఒకప్పుడు ఆమె ఎక్కుతుంటే కింద నిలబడి తాడు పట్టుకున్నది వాడే. షెడ్డుకే వెళ్లి అడిగింది.

"మతిగానీ పోయిందా అక్కా? ఈ వయసులో కొండెక్కేవి దీపాలే."

"నువ్వు రాకపోతే ఒక్కదాన్నే పోతా."

వాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆమె వేళ్లకేసి చూశాడు. "బావకి చెప్పావా?"

"చెప్పా. బీమా కాగితాలు ఎక్కడున్నాయో చెప్పి పొమ్మన్నాడు."

ఆదివారం పొద్దున్నే వెళ్లారు. తమ్ముడు వెనకవైపు కాలిబాటన పైకెళ్లి, అక్కడున్న ఇనుప రింగులోంచి తాడు వేలాడదీసి, పొట్ట పట్టుకుని రొప్పుతూ దిగొచ్చాడు. ఆమె తాడు కొస నడుముకు కట్టుకుంది. మొదటి రెండు నిలువులూ బాగానే ఎక్కింది. కాళ్లకు అన్నీ గుర్తున్నాయి. మూడో నిలువులో కుడిచేతి వేళ్లు చీలికలో దోపి బరువు వేసింది. కీళ్లు భగ్గుమన్నాయి. వేళ్లు బిగుసుకుపోయాయి, ఇక తెరుచుకోలేదు.

"దిగు అక్కా, తాడు బిగించా. చెయ్యి వదిలెయ్."

"వదలడం నా చేతిలో లేదురా."

పైకి చూస్తే ఇంకా ఆరు నిలువుల రాయి. చెంప రాతికి ఆనించి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. కింద తమ్ముడు తాడు ఇంకాస్త బిగించాడు. తర్వాత గొంతు పెంచాడు.

"ఏడుపు ఇంటికెళ్లాక ఏడుద్దువుగానీ. ఎడమచేత్తో ఒక్కో వేలూ ఊడదియ్. నా చేతులు కూడా కోసుకుపోతున్నాయి."

చిటికెనవేలు మొదట వచ్చింది. చూపుడువేలు చర్మం వదిలేసి వచ్చింది. తాడుమీద వేలాడుతూ దిగింది. కింద కూలబడితే తమ్ముడే ఆమె బూట్ల లేసులు విప్పాడు.

సోమవారం యజమానితో చెప్పేసింది, ఇక చెక్కలేనని. ఆయన ఆమెను పళ్ల రంగులు సరిపోల్చే బల్ల దగ్గరికి మార్చాడు. ఆ పని ఆమెకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

పెద్ద బండ మళ్లీ ఎక్కలేదు. దాని కిందే, పిల్లలు నేర్చుకునే ఏటవాలు రాయి ఒకటుంది. వేళ్లతో పెద్దగా పనిలేదు, పాదాలు ఆనితే చాలు. ఇప్పుడు ఆదివారాల్లో అక్కడికి వెళుతోంది. మొదటిసారి మనిషెత్తు ఎక్కి, సిగ్గుతో దిగిపోయింది. రెండోవారం పదేళ్ల పిల్లలు పక్కనుంచి దాటిపోతుంటే తమ్ముడు అడిగాడు.

"ఇంటికి పోదామా?"

"ఉండు," అంది ఆమె, పాదం ఎక్కడ పెట్టాలా అని వెతుక్కుంటూ. "తాడు వదులు చెయ్యకు."